51 ఏళ్ల వయసు.. సరిగా వినిపించని చెవులు.. అమ్మాయిలను అడవి బాట పట్టించి, సముద్రాలు దాటించిన డైసీ కథ

భుజాన బ్యాగు, కాళ్లకు ట్రెక్కింగ్ షూస్, మెడలో స్కార్ఫ్. వేసవి సెలవులు వచ్చాయంటే చాలు.. పదిహేను, పదహారేళ్ల అమ్మాయిలు జట్లుగా విమానాలెక్కి వేరే దేశాలకు వెళ్తుంటారు. పగలు కొండలెక్కుతారు, నదుల్లో పడవలు నడుపుతారు. మధ్యలో కొన్ని రోజులు అక్కడి బడికి రంగులేయడమో, మొక్కలు నాటడమో చేస్తారు. రాత్రికి టెంట్లో నిద్ర. పక్కనే పడుకున్నది ఏ దేశం పిల్లో తెల్లారి మాట కలిపితే కానీ తెలియదు. అమెరికా, యూరప్ దేశాల్లో ఇప్పుడిది మామూలు సంగతే.

కానీ వందేళ్ల వెనక్కి వెళ్తే సీన్ వేరు. అమెరికాలోని ఓ ఊళ్లో అమ్మాయిలు బాస్కెట్‌బాల్ ఆడాలంటే కోర్టు చుట్టూ ఎత్తుగా పరదాలు కట్టాల్సి వచ్చింది. ఎందుకంటే వాళ్లు గౌన్లు కాకుండా వదులు నిక్కర్లు వేసుకుని ఆడేవాళ్లు. దారిన పోయేవాళ్ల కంట పడితే పరువు పోతుందని భయం!

ఆ పరదాల వెనక ఆట మొదలుపెట్టించిన మహిళే, ఆ అమ్మాయిలు దేశాలు దాటి వెళ్లే దారి కూడా వేశారు. ఆమె పేరు జూలియట్ గోర్డన్ లో. కానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. ఇంట్లో, ఊళ్లో అందరికీ ఆమె డైసీ. అమెరికాలో గర్ల్ స్కౌట్స్ సంస్థను పెట్టింది ఈమే. మన స్కూళ్లలో స్కౌట్స్ అండ్ గైడ్స్ యూనిఫాం వేసుకున్నవాళ్లకు ఆ స్కార్ఫ్, ఆ ముడులు గుర్తుండే ఉంటాయి. ఆ కుటుంబానికే చెందిన అమెరికా శాఖ అన్నమాట.

విచిత్రం ఏంటంటే.. 50 ఏళ్లు దాటేదాకా ఆమె జీవితంలో చెప్పుకోదగ్గ పనే లేదు. అలా అనుకున్నది ఎవరో కాదు, స్వయంగా ఆమే.

పత్తి వ్యాపారి ఇంటి పిల్ల

1860 అక్టోబర్ 31న జార్జియా రాష్ట్రంలోని సవన్నాలో పుట్టింది డైసీ. ఆరుగురు పిల్లల్లో రెండోది. తండ్రి విలియం గోర్డన్ పత్తి వ్యాపారి. ఆ కాలంలో అమెరికా దక్షిణాదిన పత్తి అంటే బానిసల చెమట. గోర్డన్ కుటుంబం సంపద కూడా అలా వచ్చిందే. పాపకు ఏడాది నిండకముందే అంతర్యుద్ధం మొదలైంది. తండ్రి దక్షిణాది సైన్యంలో చేరాడు. తల్లి నెల్లీదేమో ఉత్తరాదిలోని షికాగో. అంటే నాన్న ఒక పక్క, అమ్మ పుట్టింటివాళ్లు అవతలి పక్క! చుట్టుపక్కలవాళ్లు నెల్లీని ఎలా చూసి ఉంటారో వేరే చెప్పాలా..

తల్లి వైపు నుంచి డైసీకి ఓ కథ వారసత్వంగా వచ్చింది. ఆమె ముత్తవ్వను చిన్నతనంలోనే సెనెకా తెగవాళ్లు ఎత్తుకెళ్లారు. తెగ పెద్ద ఆ పిల్లను ఇంట్లో బిడ్డలా పెంచాడు. ఎప్పుడూ చలాకీగా దూసుకుపోయే ఆ పిల్లకు వాళ్లు పెట్టిన పేరుకు అర్థం, తెరచాపలన్నీ విప్పుకుని పోతున్న చిన్న ఓడ అని. కొన్నేళ్లకు ఆ పిల్ల మళ్లీ కన్నతల్లిని చేరింది. పెద్దయ్యాక డైసీ ఎన్ని క్యాంప్‌ఫైర్ల చుట్టూ ఈ కథ చెప్పారో లెక్కే లేదు. మంట చుట్టూ కూర్చున్న పిల్లలు కూడా మళ్లీ మళ్లీ ఇదే కథ అడిగేవాళ్లట.

చదువు సంగతికొస్తే.. ధనవంతుల ఇంటి ఆడపిల్లల బోర్డింగ్ స్కూళ్లు, చివర్లో న్యూయార్క్‌లో ఫ్రెంచ్ టీచర్ల దగ్గర మర్యాదలు నేర్పే బడి. బొమ్మలు బాగా వేసేది. స్పెల్లింగ్ మాత్రం జీవితాంతం రాలేదు. చిన్నప్పుడు చెల్లెళ్లు, స్నేహితురాళ్లతో కలిసి పేద పిల్లలకు బట్టలు కుట్టే క్లబ్బు పెట్టింది. పేరు హెల్ప్‌ఫుల్ హ్యాండ్స్. కుట్టు రాని పిల్ల కుట్టు క్లబ్బు పెడితే ఏమవుతుంది? ఇంట్లోవాళ్లు హెల్ప్‌లెస్ హ్యాండ్స్ అని ఆటపట్టించారు. పని తనకు పూర్తిగా రాకపోయినా ముందు జట్టు కట్టేయడం.. ఈ అలవాటే 40 ఏళ్ల తర్వాత పనికొచ్చింది.

పెళ్లి రోజే పోయిన వినికిడి

1885లో డైసీకి చెవి పోటు వచ్చింది. అప్పట్లో కొత్తగా వచ్చిన ఓ వైద్యం చేయాలని డాక్టర్‌ను పట్టుబట్టారు. సిల్వర్ నైట్రేట్ మందు చెవిలో పోశారు. అది వికటించి ఆ చెవి చాలా వరకు దెబ్బతింది.

మరుసటి ఏడాది డిసెంబర్ 21న పెళ్లి. వరుడు విలియం మెకే లో. సవన్నాలో, ఇంగ్లాండ్‌లో కోట్ల ఆస్తులున్న కుటుంబం. మన దగ్గర అక్షింతలు వేసినట్టే అక్కడా కొత్త జంట మీద బియ్యం చల్లే ఆచారం ఉంది. అందులో ఒక్క గింజ ఆమె రెండో చెవిలోకి వెళ్లి ఇరుక్కుంది. దాన్ని తీసేటప్పుడు కర్ణభేరికి గాయమైంది, ఇన్ఫెక్షన్ సోకింది. ఆ చెవి పూర్తిగా పోయింది. మొదటి చెవిలో మిగిలిన కాస్త వినికిడితోనే ఇక జీవితం అంతా.

కాపురం ఇంగ్లాండ్‌లో. వార్విక్‌షైర్‌లో పెద్ద బంగ్లా, వేట, విందులు, రాజకుటుంబం స్థాయి పరిచయాలు. బయటి నుంచి చూసేవాళ్లకు స్వర్గమే. లోపల మాత్రం భర్త ఊళ్లకు ఊళ్లు తిరుగుతుంటే ఆమె ఒంటరి. పిల్లల్లేరు. కాలక్షేపానికి బొమ్మలు వేశారు, చెక్క చెక్కారు. ఓసారి కమ్మరి పని నేర్చుకుని బంగ్లాకు ఇనుప గేట్లు తయారుచేశారు. ఆ గేట్లు తర్వాత ఇంగ్లాండ్ నుంచి సవన్నాకు చేరాయి. అక్కడి ఓ పార్కు దగ్గర పెట్టారు.

మధ్యలో ఒక్కసారి మాత్రం పని దొరికింది. 1898లో స్పెయిన్‌తో అమెరికా యుద్ధం చేస్తుండగా తల్లితో కలిసి ఫ్లోరిడా వెళ్లారు. జబ్బుపడిన సైనికుల కోసం తల్లి నడిపిన ఆస్పత్రిలో సాయం చేశారు. యుద్ధం అయిపోయింది, పనీ అయిపోయింది.

ఆ తర్వాత భర్త మరో మహిళతో ఉంటున్న సంగతి బయటపడింది. విడాకుల కేసు నడుస్తుండగానే 1905లో ఆయన చనిపోయారు. వీలునామా తెరిచి చూస్తే షాక్. ఆస్తిలో పెద్ద వాటా ఆ మహిళకే రాసిపెట్టారు. డైసీ లాయర్లను పెట్టుకుని పోరాడాల్సి వచ్చింది. చివరికి రాజీ కుదిరింది. సవన్నాలోని ఇల్లు, బతకడానికి సరిపడా ఆదాయం దక్కాయి. 44 ఏళ్లకు వితంతువు. ఆ తర్వాత ఆరేళ్లు దేశాలు తిరుగుతూనే ఉన్నారు. ఈజిప్టు చూశారు, ఇండియాకూ వచ్చారు. ఓడలు, హోటళ్లు, బంధువుల ఇళ్లు. డబ్బున్న ఒంటరి మనిషి టూరు ఎలా ఉంటుందో అలాగే.

స్కాట్లాండ్ లోయలో ఏడుగురు పిల్లలు

1911లో లండన్‌లో ఓ భోజనాల దగ్గర రాబర్ట్ బేడెన్ పావెల్ పరిచయమయ్యారు. మగపిల్లల కోసం స్కౌట్స్ ఉద్యమం మొదలుపెట్టిన ఆర్మీ జనరల్ ఆయన. నిజానికి డైసీకి ఆయన మీద మొదట మంచి అభిప్రాయం లేదు. మాట్లాడాక మారింది. ఆయన స్కౌట్స్ పెట్టగానే అమ్మాయిలు కూడా మేమూ వస్తామని పేర్లు ఇచ్చారు. వాళ్ల కోసం గర్ల్ గైడ్స్ అని వేరే పెట్టి, ఆ బాధ్యత చెల్లెలు ఆగ్నెస్‌కు అప్పగించారు.

ఆ ఏడాది ఆగస్టులో డైసీ స్కాట్లాండ్‌లోని గ్లెన్ లయన్ అనే లోయలో ఉన్నారు. చుట్టుపక్కల గొర్రెల కాపరుల పిల్లల్ని పిలిచి ఓ గైడ్స్ జట్టు కట్టారు. వచ్చింది ఏడుగురు. ఒక పిల్ల అయితే మైళ్ల దూరం నడిచి వచ్చేది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఆ లోయ పిల్లలకు పెద్దయ్యాక ఉన్న దారి ఒక్కటే.. ఊరు వదిలి పట్నం ఫ్యాక్టరీల్లో కూలికి వెళ్లడం. డైసీ వాళ్లకు ముడులు వేయడం, మ్యాపు చదవడం, జెండాలతో సిగ్నల్స్ ఇవ్వడం, ప్రథమ చికిత్స నేర్పించారు. అక్కడితో ఆగలేదు. కోళ్లు పెంచి చుట్టుపక్కల వేటకు వచ్చే దొరల బంగ్లాలకు అమ్మడం నేర్పారు. ఉన్ని వడకడం ముందు తాను నేర్చుకుని తర్వాత పిల్లలకు నేర్పారు. ఆ నూలు కొనేందుకు లండన్‌లో షాపు కూడా చూసిపెట్టారు. ఆటలు, అడవి తిరుగుడు, చేతికి నాలుగు డబ్బులు.. మూడూ ఒకే చోట. సేవ, సాహసం వేర్వేరు గదుల్లో ఉండవని డైసీకి ఇక్కడే అర్థమైంది. ఆ శీతాకాలం లండన్‌లో పేద పిల్లలతో మరో రెండు జట్లు నడిపారు.

ఆ ఫోన్ కాల్

1912 మొదట్లో అమెరికా వైపు ఓడ ఎక్కారు. అదే ఓడలో బేడెన్ పావెల్ కూడా. సవన్నా చేరగానే డైసీ చేసిన మొదటి పని, ఓ స్కూలు నడుపుతున్న చుట్టం నైనా పేప్‌కు ఫోన్ చేయడం. సవన్నా అమ్మాయిలకు, అమెరికా అమ్మాయిలకు, మొత్తం ప్రపంచానికే పనికొచ్చేది ఒకటి తెచ్చానని, ఈ రాత్రికే మొదలుపెడదామని చెప్పారట. చెవులు సరిగా వినిపించని మనిషి ఫోన్‌లో అవతలివాళ్ల జవాబు ఎంత విన్నారో తెలీదు కానీ, పని మాత్రం మొదలైంది.

1912 మార్చి 12న 18 మంది అమ్మాయిలు పేర్లు రాయించుకున్నారు. రిజిస్టర్‌లో మొదటి పేరు డైసీ మేనకోడలిది. పాపం, ఆ రోజు ఆ పిల్ల అక్కడ లేనే లేదు. ఇంటి వెనక గుర్రపు బండ్లు పెట్టుకునే షెడ్డే ఆఫీసు. ఎదురుగా ఖాళీ స్థలంలో ఆటలు. ఇందాక చెప్పుకున్న పరదాలు ఇక్కడే కట్టారు. ఊరి బయట చెట్ల మధ్య క్యాంపులు. నిప్పు రాజేసి వంట చేసుకోవడం, నక్షత్రాలు చూసి దిక్కు పట్టడం.

తొలి జట్లలో క్రైస్తవ పిల్లలతో పాటు యూదు పిల్లలూ ఉన్నారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. అయితే నల్లజాతి పిల్లలకు మాత్రం ఆ తలుపు తెరుచుకోలేదు. వాళ్ల కోసం 1917లో వేరే జట్లు మొదలయ్యాయి. అవీ విడిగానే. దక్షిణాది రాష్ట్రాల్లో అందరూ ఒకే టెంట్ కిందికి రావడానికి దశాబ్దాలు పట్టింది. స్థానిక తెల్లజాతి కుటుంబాలు దూరమైపోతాయన్న భయంతో డైసీ ఆ గీత దాటలేదు. ప్రపంచం మొత్తాన్ని కలపాలనుకున్న మనిషి సొంత ఊళ్లో పక్క వీధిని కలపలేకపోయారు.

ముత్యాల హారం అమ్మేశారు

1913లో సంస్థ పేరు గర్ల్ స్కౌట్స్‌గా మారింది. వెంటనే గొడవ. అబ్బాయిల స్కౌట్స్ సంస్థ పెద్ద జేమ్స్ వెస్ట్‌కు ఒళ్లు మండింది. స్కౌట్ అనే మాట అమ్మాయిలు వాడితే అబ్బాయిలకు ఆ పేరు మీద మోజు పోతుందని ఆయన బాధ. మార్చుకోమని ఏళ్ల తరబడి ఒత్తిడి తెచ్చారు. డైసీ వినలేదు. ఈసారి చెవుల వల్ల కాదు!

వినికిడి లోపాన్ని ఆమె వాడుకున్న తీరు చూస్తే నవ్వొస్తుంది. ఎవరినైనా జట్టుకు లీడర్‌గా ఉండమని అడిగేవారు. వాళ్లు కుదరదని చెబితే వినిపించనట్టే ముఖం పెట్టి, ఒప్పుకున్నందుకు థ్యాంక్స్ చెప్పి, మీటింగ్ ఎప్పుడో ఎక్కడో కూడా చెప్పేసి వెళ్లిపోయేవారు. ఓ విందుకు క్యారెట్లు, కొత్తిమీర లాంటి ఆకులు గుచ్చిన టోపీ పెట్టుకుని వెళ్లారు. అందరూ అదేంటని అడుగుతారు కదా.. టోపీ అలంకరణకు డబ్బుల్లేవు, ఉన్నదంతా స్కౌట్స్‌కే పోతోందని చెప్పి విరాళం అడగొచ్చు. బోర్డు మీటింగ్‌లో అయితే ఏకంగా తలకిందులుగా నిలబడ్డారు. ఎందుకూ అంటే, స్కౌట్స్ కోసం తయారైన కొత్త బూట్లు వేసుకుని వచ్చారు. అవి అందరికీ కనిపించాలిగా! అప్పటికి వయసు యాభై దాటింది.

సరదాలు సరే, ఖర్చులో మాత్రం సరదా లేదు. ఆఫీసు అద్దె, యూనిఫాంలు, పుస్తకాల ప్రింటింగ్.. మొదటి కొన్నేళ్లు అన్నీ సొంత జేబులోంచే. డబ్బు చాలక తన ముత్యాల హారాన్ని అమ్మేశారు. 8 వేల డాలర్లు వచ్చాయి. అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. మూడు రేకుల ఆకు ఆకారంలో సంస్థ బ్యాడ్జిని తానే గీశారు. ఆ డిజైన్‌కు 1914లో పేటెంట్ తీసుకున్నారు. 1915లో సంస్థ అధికారికంగా రిజిస్టరైంది. తొలి ప్రెసిడెంట్ ఆమే.

1917లో ఒక్లహోమా రాష్ట్రంలోని ముస్కోగీ ఊళ్లో ఓ జట్టు పిల్లలు బిస్కెట్లు చేసి స్కూలు క్యాంటీన్‌లో అమ్మారు. ఖర్చుల కోసం మొదలైన ఆ చిన్న అమ్మకమే తర్వాత అమెరికా అంతా పాకింది. ఇవాళ అక్కడి చాలా జట్లు విదేశీ ట్రిప్పులకు వెళ్లేది ఇలా ఇల్లిల్లూ తిరిగి కుకీలు అమ్మిన డబ్బుతోనే. నాన్న టికెట్ కొనివ్వడం కాదు, పిల్ల సంపాదించుకోవడం.

సముద్రం అవతలి వాళ్లతో..

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. యూరప్‌లో ఊళ్లకు ఊళ్లు శ్మశానాలయ్యాయి. అమెరికాలో, ఇంగ్లాండ్‌లో చెరో ఇల్లున్న డైసీకి ఆ నష్టం పేపర్లో చదివే వార్త కాదు. వేర్వేరు దేశాల అమ్మాయిలు చిన్న వయసులోనే ఒకే టెంట్లో ఉండి, ఒకే గిన్నెలో వండుకుని తింటే.. రేపు వాళ్ల పిల్లలు ఒకరినొకరు చంపుకోవడం కాస్తైనా తగ్గుతుందని ఆమె నమ్మకం. అమాయకంగా అనిపించొచ్చు. 20 ఏళ్లకే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది కూడా. కానీ ఆమె మిగిలిన జీవితం మొత్తం ఆ నమ్మకం మీదే పెట్టారు.

1919లో లండన్‌లో అంతర్జాతీయ మండలి ఏర్పడితే అమెరికా తరఫున వెళ్లారు. 1920లో ప్రెసిడెంట్ పదవి వదిలేశారు. సొంత సంస్థలో కుర్చీ కంటే దేశాల మధ్య పని ముఖ్యమనిపించింది. ఇంగ్లాండ్ గైడ్స్‌కు ఫాక్స్‌లీజ్ అనే ఎస్టేట్ దక్కితే, అందులో ఓ చిన్న కాటేజీని బాగుచేయించి, సామాను కొని పెట్టారు. దానికి లింక్ అని పేరు. అమెరికా పిల్లలకూ బ్రిటన్ పిల్లలకూ మధ్య ముడి అన్నమాట. 1922లో సొంత రాష్ట్రం జార్జియాలో, లుకౌట్ మౌంటెన్ మీద క్లౌడ్‌లాండ్ దగ్గర ఓ క్యాంపు పెట్టించారు. అక్కడ వేసవి క్యాంపులు ఇప్పటికీ నడుస్తున్నాయి.

1923లో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. డైసీ ఎవరికీ చెప్పలేదు. చెబితే జనం కూర్చోబెట్టేస్తారు కదా. ఆపరేషన్లు చేయించుకుంటూనే తిరిగారు.

ఒక్క కోరిక మిగిలింది. గైడ్స్, స్కౌట్స్ ప్రపంచ సదస్సు అమెరికాలో జరగాలి. 1926లోనే జరగాలని పట్టుబట్టారు. తర్వాతి సదస్సు నాటికి తాను ఉండనని ఆమెకు తెలుసు. విన్నవాళ్లకు ఆ తొందర ఎందుకో తెలియదు. న్యూయార్క్‌కు దగ్గర్లోని బ్రయర్‌క్లిఫ్ మేనర్‌లో, క్యాంప్ ఎడిత్ మేసీ అనే కొత్త క్యాంపులో ఆ ఏడాది మే నెలలో సదస్సు జరిగింది. బేడెన్ పావెల్ దంపతులు వచ్చారు. ఎన్నో దేశాల ప్రతినిధులు ఓడల మీద వచ్చి టెంట్లలో బస చేశారు. ఏటా ఫిబ్రవరి 22న అన్ని దేశాల గైడ్స్ ఒకరినొకరు తలుచుకునే థింకింగ్ డే పుట్టింది ఆ సదస్సులోనే. మన స్కూళ్లలోనూ ఆ రోజు జరుపుతారు.

యూనిఫాంలోనే చివరి ప్రయాణం

సదస్సు అయ్యాక చికిత్స కోసం మరోసారి ఇంగ్లాండ్ వెళ్లారు. లాభం లేదని తేలింది. సవన్నాకు తిరిగొచ్చారు. 1927 జనవరి 17న కన్నుమూశారు. వయసు 66. కోరుకున్నట్టే స్కౌట్ యూనిఫాంలో అంత్యక్రియలు చేశారు. ఆమె మొదటి స్కౌట్ మాత్రమే కాదు, అందరిలోకీ గొప్ప స్కౌట్ అని సహచరులు పంపిన టెలిగ్రాంను ఆ యూనిఫాం జేబులోనే పెట్టారు. 18 మందితో మొదలైన సంస్థలో అప్పటికి లక్షన్నరకు పైగా సభ్యులున్నారు.

స్నేహితులు విగ్రహం కోసం కాదు, ప్రయాణాల కోసం డబ్బు పోగుచేశారు. అదే జూలియట్ లో నిధి. అమ్మాయిలు వేరే దేశాలకు వెళ్లడానికి, వేరే దేశాల అమ్మాయిలు అమెరికా రావడానికి, ఇతర దేశాల్లో గైడ్స్ పనికి ఆ డబ్బు వాడారు. 1932లో స్విట్జర్లాండ్‌లోని అడెల్బోడెన్‌లో, ఆల్ప్స్ కొండల మధ్య అవర్ షాలే అనే చెక్క భవనం తెరుచుకుంది. కట్టించింది హెలెన్ స్టోరో అనే అమెరికా మహిళ. ప్రపంచంలో ఏ దేశం గైడ్ అయినా వచ్చి ఉండగలిగే మొదటి ఇల్లు అది. అదే ఏడాది డైసీ పేరు మీద అక్కడ శిబిరం మొదలైంది. ఎంపికైన అమ్మాయిలకు నిధి నుంచే ఖర్చులు. అమెరికా పిల్లలు ఓడల్లో అట్లాంటిక్ దాటి వచ్చారు. మిగతా దేశాల పిల్లలతో కలిసి కొండలెక్కారు, ఒకరి పాటలు ఒకరు నేర్చుకున్నారు.

తర్వాత ఇలాంటి ఇళ్లే లండన్‌లో, మెక్సికోలో వచ్చాయి. 1966లో మన పుణెలో సంగం పేరుతో మరొకటి తెరుచుకుంది. విదేశాల నుంచి వచ్చే గైడ్స్ అక్కడ బస చేసి, చుట్టుపక్కల సేవా సంస్థలతో కలిసి పనిచేస్తుంటారు.

డైసీ పుట్టిన సవన్నా ఇంటిని 1950ల్లో గర్ల్ స్కౌట్స్ సంస్థ కొని మ్యూజియంగా మార్చింది. 2012లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్‌ను ఆమెకు మరణానంతరం ప్రకటించారు. 2025లో విడుదలైన 25 సెంట్ల నాణెం మీద ఆమె ముఖం ఉంది. పక్కనే తాను గీసిన ఆ మూడు రేకుల బ్యాడ్జి.